ఉంటుందా, ఊడుతుందా?

చిరంజీవికి,

ఆశీస్సులు. డాలస్ నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. చిన్నతనంలో మీ అక్క పక్కన కూర్చుని, ఇంగ్లిషు సగమే అర్థమవుతున్నా పడీ పడీ నవ్వుతూ చూసిన అమెరికన్ కుటుంబ హాస్య ధారావాహిక ఇన్నేళ్ళకు మళ్ళీ తెరమీదికి వచ్చిందనీ, అది ఇంకో సీజన్‌కు నోచుకుంటుందో, ఇంతటితో రద్దవుతుందో తేల్చి చెప్పాలన్నది నీ ప్రయత్నమనీ అర్థమైంది. మొదటి పేరా చక్కగా ఉంది. చివరి పేరాలో మాత్రం 'ఇంతమంది ప్రేమిస్తున్నదాన్ని ఎవరు ఆపగలరు?' అని అడిగి చేతులు దులుపుకున్నావు. ఆపగలిగినవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు పేర్లూ పదవులూ ఉన్నాయి, వాళ్ళ ముందు ఒక లెక్కల కాగితం ఉంటుంది. నీ వ్యాసం ఆ కాగితం దాకా వెళ్ళలేదు.

నువ్వు ఎంచుకున్న ధారావాహిక గురించి నేనేమీ చెప్పను. దాని ఖాతా ఇంకా మూతపడలేదు. ఖాతా మూసిన వాటినే తీసుకుంటాను, వాటిలోనైతే మన ఊహ ఎక్కడ తప్పిందో సరిచూసుకునే వీలుంది. ముందుగా నేను తప్పటడుగు వేసిన చోటు చెబుతాను.

1988 నుంచి 1997 దాకా అమెరికాలోని ఏబీసీ చానెల్‌లో తొమ్మిది సీజన్లు నడిచిన 'రోజాన్' 2018 మార్చి 27న తిరిగొచ్చింది. ఇల్లినాయ్ రాష్ట్రంలోని లాన్‌ఫర్డ్ అనే కల్పిత పట్టణంలో, వచ్చే జీతానికీ కట్టాల్సిన బిల్లులకూ ఎన్నడూ పొత్తు కుదరని కానర్ కుటుంబం కథ అది. పాత ముగింపులో చనిపోయాడని చెప్పిన భర్త డాన్‌ను కొత్త సీజన్ మొదటి భాగంలో హాయిగా నిద్రపోతూ చూపించి, ఆ చిక్కును ఒక్క ఛలోక్తితో దాటేశారు. మొదటి రాత్రే 1.8 కోట్ల మందికి పైగా చూశారు. మూడు రోజులు తిరక్కుండా తరవాతి సీజన్ ఖాయమైంది. అప్పట్లో నేనొక మాసపత్రికలో టెలివిజన్ గురించి శీర్షిక రాసేవాణ్ణి. 'ఈ కుటుంబం ఇంకో ఐదేళ్ళు మన పొరుగింట్లోనే ఉంటుంది' అని ధీమాగా రాసి, మే మూడో వారంలో పంపించాను. మే 29న రోజాన్ పాత్రధారిణి రోజాన్ బార్, ఒబామాకు సలహాదారుగా పనిచేసిన వాలరీ జారెట్‌ను ఉద్దేశించి జాత్యహంకారపు ట్వీట్ పెట్టింది. గంటల వ్యవధిలో ఏబీసీ ధారావాహికను రద్దు చేసింది. నా వ్యాసం అచ్చయి బజారులోకి వచ్చింది ఆ తరవాత. ఒక పాఠకుడు పోస్టుకార్డు మీద 'అయ్యా, తమరి పొరుగువారు ఇల్లు ఖాళీ చేశారు' అని రాశాడు. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

ఆ ట్వీట్‌ను నేను ముందే ఊహించి ఉండాల్సిందని ఎవరూ అనలేదు. నాకు నిజంగా సిగ్గనిపించింది దాని తరవాత జరిగినది చూసి. రోజాన్ బార్‌కు సృజనలోనూ ఆదాయంలోనూ ఎలాంటి వాటా ఉండదన్న ఒప్పందం మీద, మిగిలిన కుటుంబంతో 'ది కానర్స్' అనే ధారావాహికను అదే ఏబీసీ జూన్‌లో ప్రకటించి, అక్టోబర్ 16న మొదలుపెట్టింది. కథలో ఆ తల్లి నొప్పి మాత్రల అతివాడకంతో చనిపోయిందన్నారు. ఆ ధారావాహిక ఏడు సీజన్లు నడిచి 2025 ఏప్రిల్‌లో ముగిసింది. అంటే నేను రాసిన ఐదేళ్ళ కన్నా ఎక్కువకాలమే ఆ కుటుంబం పొరుగింట్లో ఉంది, కానీ ఎందుకు ఉండగలిగిందో చెప్పే వాక్యం నా వ్యాసంలో ఒక్కటీ లేదు. జాన్ గుడ్‌మన్, లారీ మెట్‌కాఫ్, సారా గిల్బర్ట్ వంటి నటులు సిద్ధంగా ఉండటం, చానెల్‌కు మంగళవారం రాత్రి పూడ్చుకోవాల్సిన ఖాళీ ఉండటం, ప్రేక్షకులకు ఆ ఇల్లూ ఆ సోఫా అలవాటై ఉండటం నాకు కనిపించాల్సినవి. నాకు 1.8 కోట్లు మాత్రమే కనిపించాయి.

ఆ అంకెనైనా సరిగ్గా చదివానా అంటే అదీ లేదు. పునరుద్ధరించిన ధారావాహికకు మొదటి రాత్రి వచ్చే జనం పాత ఇల్లు ఎలా ఉందో చూసిపోదామని వచ్చే బంధువుల వంటివారు. వారిలో ఎందరు భోజనానికి ఆగుతారో తెలియాలంటే మూడు నాలుగు వారాలు ఓపిక పట్టాలి. 'రోజాన్' తొమ్మిదో భాగం నాటికి ప్రసారమైన రాత్రి చూసినవారు కోటికి కాస్త పైన నిలిచారు. అదీ మంచి సంఖ్యే, కానీ మొదటి రాత్రి కట్టిన మేడ కాదు. గురువారం గురువారం టీఆర్పీలు చూసుకునే మన సీరియళ్ళవాళ్ళకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. సీరియల్‌ను రాత్రి ఏడున్నర నుంచి మధ్యాహ్నానికి మార్చారంటే దాని అర్థమేమిటో మన ఇళ్ళలో అమ్మలకే తెలుసు. అమెరికాలో అలాంటి అపశకునం శుక్రవారం రాత్రి. పైగా అక్కడి ప్రకటనకర్తలు మొత్తం జనాన్ని కాక, 18 నుంచి 49 ఏళ్ళ మధ్యవారిని లెక్కించి డబ్బు కట్టే అలవాటు దశాబ్దాలుగా ఉంది. ఇరవై ఏళ్ళ కిందటి అభిమానులను నమ్ముకుని తిరిగొచ్చే ధారావాహికకు ఇది సూటిగా తగిలే దెబ్బ, ఎందుకంటే ఆ అభిమానులూ ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళయ్యారు. 2018లోనే ఏబీసీకి పోటీ చానెలైన సీబీఎస్‌లో తిరిగొచ్చిన మరో పాత హాస్య ధారావాహిక 'మర్ఫీ బ్రౌన్' పదమూడు భాగాలతో సరిపెట్టుకుంది.

ఇక నీ వ్యాసంలో ఎక్కడా కనిపించని ప్రశ్నకు వస్తాను: ఆ ధారావాహిక ఎవరి సొత్తు? చూపించే చానెల్, తయారుచేసే స్టూడియో రెండూ ఒకే ఇంటివా, వేరు వేరు ఇళ్ళవా? టిమ్ అలెన్ ముగ్గురు కూతుళ్ళ తండ్రిగా నటించిన 'లాస్ట్ మ్యాన్ స్టాండింగ్' చూడు. ఆరు సీజన్లు ఏబీసీలో, చాలాకాలం ఆ శుక్రవారం రాత్రే, బాగానే నడిచింది. అయినా 2017 మేలో ఏబీసీ దాన్ని వదిలేసింది. అభిమానులు రాజకీయ కారణం వెతికారు. అది ఉందో లేదో వాదించుకోవచ్చు గానీ, ఆ ధారావాహికను తయారుచేసింది ట్వంటియెత్ సెంచరీ ఫాక్స్ టెలివిజన్ అన్నది వాదనకు అందని సంగతి. పరాయి స్టూడియో సరుకును చానెల్ అద్దెకు తెచ్చుకున్నట్టు తెచ్చుకుంటుంది. సీజన్లు గడిచేకొద్దీ నటుల పాత ఒప్పందాలు తీరి పారితోషికాలు పెరుగుతాయి, అద్దె బరువెక్కుతుంది, తరవాత పునఃప్రసార హక్కులమీద వచ్చే ఆదాయం మాత్రం ఆ స్టూడియోకే పోతుంది. ఏడాది తిరిగాక దాన్ని తెచ్చుకున్నది ఎవరు? ఫాక్స్ చానెలే, అంటే అప్పటికి ఆ స్టూడియోకు తోబుట్టువు. 2019లో ఆ స్టూడియోను ఏబీసీ యజమాని డిస్నీ కొనుక్కుంది. దాంతో ఫాక్స్ చానెల్‌కు అది పరాయి సరుకైంది. 2021లో తొమ్మిదో సీజన్‌తో ధారావాహిక ముగిసింది. ముగింపుకు ఇదే కారణమని నేను తీర్పు చెప్పను, నువ్వూ చెప్పకు. కానీ ఈ క్రమాన్ని పక్కనపెట్టి 'ప్రజాదరణ' అని రాసే వ్యాసం సగం గుడ్డిది.

స్ట్రీమింగ్ సంస్థల విషయంలో కష్టం ఇంకొంచెం ఎక్కువ, ఎందుకంటే లెక్కలు చాలావరకు వాళ్ళ దగ్గరే ఉంటాయి. పాత 'ఫుల్ హౌస్'కు కొనసాగింపుగా వచ్చి, విమర్శకులు చీల్చి చెండాడిన 'ఫుల్లర్ హౌస్'కు నెట్‌ఫ్లిక్స్ 2016లో వారం తిరక్కముందే రెండో సీజన్ ఇచ్చింది. విమర్శకులు నెత్తిన పెట్టుకున్న 'వన్ డే ఎట్ ఎ టైమ్'ను అదే నెట్‌ఫ్లిక్స్ మూడు సీజన్లతో 2019 మార్చిలో ఆపింది. 1975 నాటి, నిర్మాత నార్మన్ లియర్ ధారావాహికను లాస్ ఏంజెలెస్‌లోని క్యూబన్ అమెరికన్ కుటుంబానికి మలిచిన ఆ కథను నేను ఇష్టంగా చూశాను. అమ్మమ్మగా రీటా మొరేనో తెర చాటునుంచి అడుగుపెట్టే తీరుకే ఒక సీజన్ ఇవ్వవచ్చు. మరో సీజన్‌కు సరిపడినంత మంది చూడలేదని నెట్‌ఫ్లిక్స్ బహిరంగంగానే చెప్పింది. అభిమానుల ఉద్యమం ఫలించి పాప్ టీవీ అనే కేబుల్ చానెల్ దాన్ని తీసుకుంది, 2020 మార్చిలో నాలుగో సీజన్ మొదలైంది, ఆ నెలే కోవిడ్ వచ్చి చిత్రీకరణ నిలిచిపోయింది. పాప్ యాజమాన్యం అప్పటికే సీబీఎస్, వయకామ్ అనే రెండు పెద్ద మీడియా సంస్థల విలీనంలో పడి సొంత ధారావాహికల మీద ఆసక్తి వదులుకుంటోంది. నవంబర్‌లో రెండోసారి రద్దయింది. ప్రేమ ఒకసారి కాపాడింది. రెండోసారి కాపాడటానికి అదే ప్రేమ ఉంది, చానెల్ లేదు.

ఇదంతా మన పాఠకులకెందుకని ఎవరైనా అడిగితే 'అమృతం' గుర్తుచెయ్యి. 2001 నుంచి 2007 దాకా జెమిని టీవీలో నడిచిన ఆ ధారావాహికకు కొనసాగింపు 2020 ఉగాదికి జీ5లో వచ్చినప్పుడు, ఆంజనేయులుగా గుండు హనుమంతరావు లేరు, 2018లోనే వెళ్ళిపోయారు. ఎల్బీ శ్రీరామ్ ఆ పాత్ర వేశారు. ఆయన గట్టి నటుడే, అయినా మా ఇంట్లో మొదటి భాగం చూస్తున్నంతసేపూ అందరం లేని మనిషి కోసమే వెతుక్కున్నాం. పాత ధారావాహికను తిరిగి నిలబెట్టేటప్పుడు ఈ లోటు ఏ లెక్కల కాగితంలోనూ కనిపించదు, కానీ మూడో వారం అంకెల్లోకి చప్పుడు లేకుండా చేరుతుంది.

భాష గురించి ఒక్క మాట. నువ్వు ఉదాహరణకు ఎత్తిన పాతవాటన్నిటికీ 'ఆపేశారు' అనే ఒకే క్రియ వాడావు. 'రోజాన్' రద్దయింది. 'ఫుల్లర్ హౌస్' ఐదో సీజనే చివరిదని ముందే చెప్పి, 2020 జూన్‌లో పెళ్ళిళ్ళు చేసుకుని మరీ ముగిసింది. 'వన్ డే ఎట్ ఎ టైమ్' కథ నడుస్తుండగా ఆగిపోయింది. మూడింటికీ తెలుగులో వేరు వేరు మాటలున్నప్పుడు ఒక్కదానితో ఎందుకు సరిపెట్టాలి? అలాగే 'ఖాయం', 'అసాధ్యం' అన్న మాటలను ఈ వ్యాసంలో మాత్రం వాడకు. పెద్ద చానెళ్ళు మే నెలలో న్యూయార్క్‌లో ప్రకటనకర్తల ముందు కొత్త ఏడాది పట్టిక పరుస్తాయి కాబట్టి, చాలా నిర్ణయాలు ఆ లోపే బయటపడతాయి. నీ వ్యాసం అంతకుముందే వచ్చేట్టయితే, ఏమి జరిగితే నీ అంచనా మారుతుందో కూడా అందులోనే చెప్పు. పోస్టుకార్డులు తప్పించుకోవడానికి నాకు తెలిసిన ఉపాయం అదొక్కటే.

రెండో ప్రతిలో నాకు సొంతదారు ఎవరో కనిపించాలి, నాలుగో వారం అంకె కనిపించాలి, చివరి పేరాలోని ఆ ప్రశ్న పోవాలి. మీ అక్క ఉన్న మొదటి పేరా జోలికి మాత్రం వెళ్ళకు. ఆమె కొత్త సీజన్ చూస్తోందేమో ఒకసారి ఫోన్ చేసి అడుగు. మధ్యలో మానేసి ఉంటే, ఎన్నో భాగం దగ్గర మానేసిందో, ఆ రాత్రి దానికి బదులు ఏమి చూసిందో అడిగి అదీ వ్యాసంలో రాయి.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి