పెరటి ప్రశ్నలు: కొండ మీద ఏది ఎప్పుడు?

ప్రశ్న: ఇంటి వెనక 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు జాగా ఉంది. ఇంగ్లండులో ఉన్న మా అమ్మాయి అక్కడి కూరగాయల కేలండరు, ఒక ఉల్లి విత్తనాల పొట్లం తెచ్చి ఇచ్చింది. మాదీ చలి ప్రాంతమే కదా, ఆ ప్రకారం వేసుకోవచ్చా?
– గృహిణి, సునాబెడ

జవాబు: వద్దమ్మా. అక్కడివాళ్లు ఏడాదిని చివరి మంచు కురిసే రోజు నుంచి లెక్కపెడతారు. టమాటా నారు ఇంట్లో పెంచి, మంచు భయం తీరాక మే నెలాఖరుకి బయట నాటుతారు. మీకు మే తర్వాత వచ్చేది వాన. 900 మీటర్ల ఎత్తున ఉన్నా మీ లెక్క వానతోనే మొదలవ్వాలి.

ఉల్లి సంగతి మరీను. గడ్డ కట్టాలా వద్దా అన్నది అది పగటి పొడుగును బట్టి తేల్చుకుంటుంది. చలి దేశాల రకాలకు 14 గంటలు దాటిన పగలు కావాలి. జూన్‌లో ఇంగ్లండులో 16 గంటలకు పైనే ఉంటుంది, మీకు ఎంత పెద్ద పగలైనా 13 గంటల చిల్లరే. ఎంత గత్తం వేసినా కాడలే వస్తాయి, గడ్డ రాదు. పైగా విదేశీ విత్తనాలు తేవాలంటే మొక్కల క్వారంటైన్ అనుమతి కావాలి, ఇంకోసారి తేవద్దని చెప్పండి. గడ్డ కోసమైతే అగ్రిఫౌండ్ లైట్ రెడ్ లాంటి మన రబీ రకం నారు అక్టోబరు చివర పోసి డిసెంబరులో నాటండి. క్యారెట్‌లో మాత్రం చలి దేశపు నాంటిస్ రకం మీ శీతాకాలానికి బాగా సరిపోతుంది. మన విత్తనాల షాపుల్లోనే దొరుకుతుంది.

ఇక మీ జాగా. మధ్యలో అడుగేసి దారులు వదిలి, 4 అడుగుల వెడల్పు, 13 అడుగుల పొడవున నాలుగు మడులు చేయండి. అంత వెడల్పే ఉంటే మడిలో కాలు పెట్టక్కర్లేదు, రెండు పక్కల నుంచీ చెయ్యి అందుతుంది. మిగిలే అడుగు ఉత్తరం వైపు ఉంచి ఆనప, బీర పందిరికి వదలండి. అక్కడైతే శీతాకాలంలో నీడ మడుల మీద పడదు. మీ ఎర్రనేలలు చాలావరకు ఆమ్ల నేలలే. పరీక్షలో అలా తేలితే మే మొదట్లో మడికి కిలో వ్యవసాయ సున్నం కలిపి, 20 రోజులాగి 10–12 కిలోల మాగిన గత్తం వేయండి. రెండూ ఒకేరోజు వేస్తే నత్రజని ఆవిరై గాలిలో కలిసిపోతుంది.

మృగశిర కార్తెలో, అంటే జూన్ రెండు, మూడు వారాల్లో, మడులు ఆరేడు అంగుళాలు ఎత్తు చేసి బెండ, గోంగూర, తోటకూర వేయండి. మఖ కార్తెలో, అంటే ఆగస్టు రెండో సగంలో, కేబేజీకీ టమాటాకీ నారు పోయాలి. వానలో నారు కుళ్లకుండా పైన వెదురు బద్దలు వంచి పాలిథిన్ కప్పండి, పక్కలు మూయకండి. కేబేజీ 18 అంగుళాల ఎడంతో మూడు వరుసలు, మడికి 24 మొక్కలు పడతాయి. అన్నీ ఒకేసారి నాటితే వారంలో 24 గడ్డలు తయారై వీధంతా పంచాల్సి వస్తుంది! 12 ముందు, మూడు వారాలాగి ఇంకో 12 నాటండి.

టమాటాకి చలే అడ్డు. రాత్రి 12–13 డిగ్రీల కంటే దిగితే పూత నిలవదు. సెప్టెంబరులో నాటినవి నవంబరులోపే పిందె పడతాయి. నవంబరులో నాటితే డిసెంబరు, జనవరి పూతంతా రాలిపోతుంది. రెండో కాపు కావాలంటే జనవరి చివర నాటండి.

స్వాతి కార్తెలో, అంటే అక్టోబరు చివర నుంచి నవంబరు మొదటి వారం దాకా, బఠాణీ (ఆర్కెల్ రకం, మడికి 45 గ్రాములు), క్యారెట్ (3 గ్రాములు, ఇసుకలో కలిపి) వేయండి. క్యారెట్ మడికి కొత్త గత్తం వేస్తే దుంప చీలుతుంది. మొలిచాక మొక్కకీ మొక్కకీ మూడంగుళాలు ఉండేలా తీసేయాలి. జాలిపడితే తోకలే మిగులుతాయి.

ప్రశ్న: అక్టోబరులో సంతలో కొన్న ఫులకోబి (కాలీఫ్లవర్) నారు నాటాను. నిమ్మకాయంత పువ్వు వచ్చి ఆగిపోయింది. ఎందుకు?
– పాఠకుడు, రాయగడ

జవాబు: ఆకు ఎదగకముందే పువ్వు రావడాన్ని బటనింగ్ అంటారు. ముదురు నారు ఒక కారణం. 25–30 రోజుల నారే నాటాలి, సంతలో మిగిలిపోయినది 45 రోజులదైనా కావచ్చు. రెండోది, వేసవి చివర పోయాల్సిన తొలి రకాన్ని చలికి నాటడం. తొలి రకం చలి తగలగానే పువ్వు కట్టేస్తుంది. స్నోబాల్ లాంటి చివరి రకాన్ని ఎండలో వేస్తే ఉత్త ఆకులే. అందుకే రకం పేరు చెప్పలేని నారు కొనకండి. మీ పల్లపు ప్రాంతంలో తొలి రకానికి జూన్‌లో, స్నోబాల్‌కి సెప్టెంబరు చివర నారు పోసుకోండి. నత్రజని కరువైనా బటన్లే వస్తాయి. 5 చదరపు మీటర్ల మడికి 40 గ్రాముల యూరియా నాటేటప్పుడు, 25వ రోజు, 45వ రోజు ఇవ్వండి. పువ్వు గోధుమరంగుకి తిరిగి కాడ బోలుగా ఉంటే అది బోరాన్ లోపం. మడికి 5 గ్రాముల బోరాక్స్ చాలు, ఎక్కువైతే మొక్క మాడుతుంది.

ప్రశ్న: కాపు మీదున్న టమాటాలు పచ్చగానే వాలి చచ్చిపోతున్నాయి. నీళ్లు పెంచినా లాభం లేదు.
– పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మధ్యాహ్నం వాలి, సాయంత్రం తేరుకుని, నాలుగైదు రోజుల్లో ఆకు పసుపెక్కకుండానే చచ్చిపోతే బాక్టీరియా ఎండు తెగులే కావచ్చు. మొదలుకు కాస్త పైన రెండంగుళాల కాండం కోసి, గాజు గ్లాసు నీళ్లలో కొస మునిగేలా కదపకుండా పట్టుకోండి. ఐదు నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలదారంలా తెల్లగా దిగితే అదే. దీనికి మందు లేదు, కొట్టినా డబ్బు దండగ. వేరుతో, వేరు పట్టిన మట్టితో పీకి బయట పారేయండి, ఎరువు గుంతలో వేయొద్దు. నీరు పారితే తెగులూ పారుతుంది, కాబట్టి కాలువ కట్టకుండా మొక్క మొక్కకీ చెంబుతో పోయండి. ఆ మడిలో మూడేళ్లు టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప వేయకండి. మొక్కజొన్న, చిక్కుడు వేసుకోండి. వేరే మడిలో టమాటాకి అర్క రక్షక్, వంగకి అర్క నిధి ఈ తెగులును తట్టుకుంటాయి. పాత మడిలో వాడిన గునపాన్ని కడగకుండా అక్కడికి తీసుకెళ్లకండి.