టీఎస్‌పీ అడిగితే ఎరువు చూపించారు!

ప్రశ్న: వెండి జుంకాలు, పట్టీలు ఇంట్లోనే చేస్తున్నాను. టంకానికి స్ప్రే ఫ్లక్స్ (కాచేటప్పుడు లోహానికి మసి పట్టకుండా చల్లే మందు) కలుపుకుందామంటే వెలిగారం, బోరిక్ యాసిడ్, టీఎస్‌పీ కావాలన్నారు. కురుపాం మార్కెట్లో వెలిగారం కొన్నాను. బోరిక్ బదులు క్యారమ్ పౌడర్ వాడమన్నారు. టీఎస్‌పీ అడిగితే ఎరువు చూపించారు. ఏవి కొనాలి, ఎంతెంత కలపాలి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: కొట్టువాళ్ల తప్పేం లేదండి. ట్రిపుల్ సూపర్ ఫాస్ఫేట్ అనే ఎరువునీ టీఎస్‌పీ అనే అంటారు. అది కాల్షియం ఉప్పు, టంకానికి పనికిరాదు. మీకు కావలసింది ట్రైసోడియం ఫాస్ఫేట్. పూర్తి పేరు కాగితం మీద రాసి, బాయిలర్ల నీటి శుద్ధికి సరుకు అమ్మే కెమికల్ షాపులో అడగండి. డిటర్జెంట్లలో వేసే సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ ఇస్తే తీసుకోకండి, అది వేరు. అసలు సరుకులోనూ రెండు రకాలున్నాయి. పలుకుల రకం బరువులో సగానికి పైగా నీరే. నీరు లేని పొడి రకమే దొరికితే, 20 గ్రాముల పలుకులకు బదులు 9 గ్రాములు చాలు.

క్యారమ్ పౌడర్ వద్దు. అందులో బోరిక్ పాలు ఎంతో మీకు తెలియదు. ‘బోరిక్ యాసిడ్’ అని స్పష్టంగా రాసి ఉన్న ప్యాకెట్టే కొనండి.

వెలిగారం అని పటిక కట్టిచ్చేవాళ్లూ ఉంటారు. చిన్న పలుకు బొగ్గు మీద పెట్టి టార్చి చూపండి. రెండూ పేలాల్లా పొంగుతాయి. పటిక అలా తెల్లగా, గుల్లగా ఉండిపోతుంది. వెలిగారమైతే పొంగు అణిగి, గాజుపూసలా తేటగా కరుగుతుంది.

పావు లీటరుకు కొలతలివి: బోరిక్ 30 గ్రాములు, వెలిగారం 20, ట్రైసోడియం ఫాస్ఫేట్ పలుకులు 20. బోరు నీళ్లు వాడితే ఫాస్ఫేట్ ఆ నీళ్లలోని సున్నంతో కలిసి తెల్లటి మడ్డి కడుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తీసుకోండి (బ్యాటరీ యాసిడ్ కాదు సుమా). స్టీలు గిన్నెలో మరిగించి, తేటపడేదాకా కలిపి, చల్లార్చి వడకట్టండి. అల్యూమినియం గిన్నె వద్దు, ఫాస్ఫేట్ దాన్ని తినేస్తుంది. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. గిన్నె మళ్లీ వంటకు వాడకండి. నోటిపూతకు పిల్లలకు తేనెలో వెలిగారం రంగరించి పెట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. అదీ మానేయండి.

నగను ముందు కొంచెం వేడిచేసి స్ప్రే కొట్టండి. చుయ్యిమని ఆరి తెల్లటి పొర మిగిలితే వేడి సరిపోయినట్టు. నీరు నిలిస్తే వేడి చాలలేదు, చుక్కలు ఎగిరిపడితే ఎక్కువైంది. వేడి, స్ప్రే మార్చి మార్చి మూడు పూతలు వేయండి. ఈ పొర వెండిలోని రాగిని గాలి తగలకుండా కాపాడుతుంది. అతుకు దగ్గర మాత్రం వెలిగారం ముద్ద బ్రష్‌తో రాయడం మానకండి, స్ప్రే పొర ఒక్కటే అక్కడ చాలదు. సీసాలో పలుకులు కడితే వేడినీళ్లలో నిలబెట్టండి, కరుగుతాయి. పని అయ్యాక నాజిల్‌లోంచి వేడినీళ్లు కొట్టకపోతే మర్నాటికి మూసుకుపోతుంది.

ప్రశ్న: వెలిగారం పొంగినప్పుడు టంకం ముక్కలు పక్కకు జారిపోతున్నాయి. ఉన్న ముక్కలేమో ఉండ కట్టి పారడం లేదు.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: పొంగు వెలిగారంలోని నీరు పోయేటప్పటిది. మంట దూరంగా పట్టి మెల్లగా వేడిచేయండి. లేదా వెలిగారాన్ని ముందే పొంగించి, చల్లారాక నూరి వాడండి. మన విశాఖ ఉక్కపోతలో అది మళ్లీ చెమ్మ పీలుస్తుంది కాబట్టి కొంచెం కొంచెంగా చేసుకుని, బిగుతు మూత సీసాలో దాచండి.

ఉండ కట్టిందంటే టంకానికే వేడి తగిలింది, వెండికి తగల్లేదు. కరిగిన టంకం వేడి ఉన్న వైపే పారుతుంది. రెండు ముక్కల్లో బరువైనదాన్ని ముందు కాచండి. వెలిగారం తేటగా, తడి మెరుపుతో పరుచుకునేది దాదాపు 740 డిగ్రీల దగ్గర. చాలా రకాల వెండి టంకాలు పారే వేడీ ఆ దరిదాపుల్లోనే. ఆ మెరుపు వచ్చాక నిమిషాల తరబడి కాస్తే ఫ్లక్స్ రాగి మసితో నిండి చేవ చచ్చిపోతుంది. అప్పుడు ఇంకాస్త వేడిచేసి లాభం లేదు. చల్లార్చి, లీటరుకు 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో వేసి, గాజులా గట్టిపడ్డ ఫ్లక్స్ వదిలించి, మళ్లీ మొదలుపెట్టండి. ఇనుప పటకారు ఆ నీళ్లలో ముంచితే వెండి మీద రాగి పూత ఎక్కుతుంది.

ప్రశ్న: కళాయికి వాడే నవాసాగరం వెండి టంకానికి పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: రాదు. టంకం కరిగేలోపే అది పొగై పోతుంది. కళాయి తగరంతో, సీసంతో వెండిని అతకడమూ వద్దు. తర్వాతెప్పుడైనా ఆ నగను ఎర్రగా కాచితే అవి వెండిని తిని గుంటలు పెడతాయి.