లంక పొగాకు మండెలో తెల్లని పొడి: ఉప్పా, బూజా?

ప్రశ్న: మాది గోదావరి లంక గ్రామం. రెండెకరాలలో చుట్టల రకం పొగాకు వేశాను. ఫిబ్రవరిలో కొట్టిన ఆకును పందిట్లో ఆరబెట్టి, మండె వేసి (మాగడానికి కుప్పగా పేర్చి), మూడుసార్లు తిరగవేసి, మే నెలలో ఇంటిని ఆనుకుని ఉన్న కొట్టులో నిల్వ చేసి పాలిథిన్ పట్టా కప్పాను. వానలు మొదలైన తరువాత ఈనెల మీద తెల్లని పొడి కనిపిస్తోంది. గోడవైపు అడుగు వరుసల్లో పచ్చగా కూడా ఉంది. జనవరిలో తోటకు బూడిద తెగులు వచ్చింది కనుక అదే మళ్లీ వచ్చిందని అనుకుంటున్నాను. మందుల దుకాణంలో కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని పిచికారీ చేయమన్నారు. పురుగు కూడా ఉండవచ్చని చెప్పి, మండెలో పెట్టడానికి అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు ఇచ్చారు. వ్యాపారి సగం ధరకే అడుగుతున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ముందుగా మాత్రల సంగతి. ఆ గొట్టాన్ని తెరవకండి, తడి తగలనివ్వకండి, ఇంట్లో ఉంచకండి. గాలిలోని తేమ తగిలితే చాలు, ఆ మాత్రల నుంచి ఫాస్ఫీన్ వాయువు వెలువడుతుంది. ఇంటిని ఆనుకుని ఉన్న కొట్టులో వాటిని పెడితే, గోడ పగుళ్ల గుండా, తలుపు సందుల గుండా ఆ వాయువు మీరు నిద్రించే గదిలోకి చేరుతుంది, దానికి విరుగుడు మందు లేదు. ఈ మందును ప్రభుత్వ సంస్థలూ, అనుమతి పొందిన ధూపన (విషవాయువుతో పురుగులను చంపే) నిపుణులూ తప్ప ఎవరూ వాడకూడదని నిబంధన ఉన్నా, పొట్లంలో కట్టి రైతు చేతిలో పెట్టే దుకాణాలకు కొదవ లేదు. దాన్ని వెంటనే మీ మండల వ్యవసాయాధికారికి అప్పగించండి. పైగా మీ మండెకు దాని అవసరమే లేదు. పొగాకును తొలిచే చిన్న గోధుమ రంగు పెంకు పురుగు ఉంటే ఆకుపై గుండుసూది తలంత గుండ్రని రంధ్రాలు, వాటి కింద పిండి వంటి గోధుమ రంగు పొడి కనబడాలి. మీరు పంపిన ఫొటోలలో అటువంటిదేమీ లేదు.

రెండవది, ఇది బూడిద తెగులు కాదు. బూడిద తెగులు శిలీంధ్రం బతికి ఉన్న పచ్చి ఆకు మీదనే బతుకుతుంది. ఆరబెట్టి, మండె వేసి, వేడెక్కించిన ఆకు మీద అది తిరిగి పుట్టదు. జనవరిలో తోటలో చూసినదానికీ, ఇప్పుడు కొట్టులో చూస్తున్నదానికీ సంబంధం లేదు. ఫొటోలను బట్టి మీ మండెలో రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయని నా అనుమానం: పై వరుసల్లో ఈనెల వెంబడి ఉన్నది లవణం, గోడవైపు అడుగు వరుసల్లో పచ్చగా కనిపిస్తున్నది బూజు. మీరు రెండింటినీ ఒకే తెగులుగా భావించారు. వ్యాపారి కూడా రెండింటికీ కలిపి ఒకే ధర కట్టాడు.

పొగాకు ఆకులో, ముఖ్యంగా నడిమి ఈనెలో, పొటాషియం నైట్రేటు వంటి లవణాలు ఎక్కువగా ఉంటాయి. వానాకాలంలో ఆకు పదునెక్కడం (తేమ పట్టి మెత్తబడడం), ఎండ కాసిన రోజున ఆరడం పదేపదే జరిగినప్పుడు లోపలి లవణం నీటితో పాటు పైకి వచ్చి, నీరు ఆవిరైన తరువాత ఈనె మీద తెల్లని పొడిగా మిగులుతుంది. దీనివల్ల ఆకుకు హాని లేదు. తమిళనాడులో నమిలే రకం పొగాకు మీద ఇటువంటి తెల్లని పూతను నాణ్యతకు గుర్తుగా చూసి కొంటారు. కనుక తెల్లగా కనబడిన ప్రతి ఆకునూ రోగిష్టి ఆకుగా జమకట్టి ధర తగ్గించడం న్యాయం కాదు.

తేడా తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో పగటి వెలుతురులో చూడండి: లవణమైతే కోణాలు తేలిన, మెరిసే రేణువులు ఈనెల వెంబడి బారుగా ఉంటాయి, బూజైతే దూది పోగుల వంటి సన్నని దారాలు గుండ్రని మచ్చలుగా, ఈనెతో పని లేకుండా ఆకు మడతల్లోకి కూడా పాకి ఉంటాయి, వాటి మధ్యలో నీలి ఆకుపచ్చ, బూడిద లేదా నలుపు రంగు పొడి కనబడుతుంది. తరువాత గోరువెచ్చని నీటి చుక్కను దాని మీద వేసి రెండు నిమిషాలు ఆగండి. లవణం కరిగి మాయమవుతుంది, ఆరిన తరువాత మళ్లీ తేలుతుంది. బూజు కరగదు, అణిగిపోయి అక్కడే ఉంటుంది. ఇంకా సందేహముంటే ఆ పొడిని చిటికెడు గీకి ఆరుబయట నిప్పు కణిక మీద వేయండి, లవణమైతే చిటపటలాడుతుంది. చివరిగా వాసన. మండె మాగుతున్న తొలి రోజుల్లో వచ్చే అమోనియా ఘాటు సహజమైనది, దానికి భయపడవద్దు; ముక్కిపోయిన వాసన వస్తే మాత్రం కంటికి కనబడకపోయినా లోపల ఎక్కడో బూజు ఉన్నట్లే. ఒకే ఆకు మీద రెండూ ఉండవచ్చు కాబట్టి ప్రతి వరుస నుంచి కొన్ని ఆకులు తీసి పరీక్షించండి.

బూజు పట్టిన ఆకుకు చికిత్స లేదని గ్రహించండి. నిల్వలో వచ్చేవి ప్రధానంగా ఆస్పర్జిల్లస్, పెనిసీలియం జాతులు. వీటిలో కొన్ని విషపదార్థాలను తయారు చేస్తాయి, శిలీంధ్రం చచ్చినా ఆ విషం ఆకులోనే ఉంటుంది. కార్బెండజిమ్ తోటలో పైరు మీద వాడే మందు. లీటరుకు 1 గ్రాము కలిపి ఎండిన ఆకు మీద చల్లితే మీరు చేసే పని మూడు విధాలా చెడ్డది: ఆకుకు మళ్లీ నీరు పట్టించి బూజును పెంచుతారు, పొగతో పాటు పీల్చే వస్తువులో మందు అవశేషాన్ని నింపుతారు, అవశేషాల పరీక్షలో దొరికితే బూజు లేని మంచి ఆకు కూడా తిరస్కరణకు గురవుతుంది. పైరు మీద ఒకటికి రెండుసార్లు అనవసరంగా కొట్టడమే మన రైతుల అలవాటు అనుకుంటే, ఇప్పుడు కోసి ఆరబెట్టిన సరుకు మీద కూడా కొట్టించే సలహాలు వస్తున్నాయి. ఎండిన ఆకు మీద ఏ మందూ చల్లకూడదు. చల్లమని చెప్పి మందు అమ్మే దుకాణదారుడిని, ఈ మందు లేబులు మీద నిల్వ పొగాకు అని ఎక్కడ రాసి ఉందో చూపమనండి.

ఇప్పుడు చేయవలసినది ఇది. వానలేని రోజున, ఉదయం 11 గంటల తరువాత మొదలుపెట్టండి. ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకుని మండెను విప్పి, పచ్చని బూజు పట్టిన ఆకులనూ, వాటికి ఆనుకుని ఉన్న రెండు వరుసలనూ విడిగా సంచుల్లో వేసి బయటకు తరలించండి. కొట్టు లోపల దులిపితే బీజాలు మిగతా ఆకుల మీదకు చేరతాయి. చెడిన ఆకును మంచి ఆకులో కలిపి అమ్మకండి, పశువుల కింద పరచకండి, నారుమడి దరిదాపుల్లో పారవేయకండి. మొజాయిక్ వైరస్ ఎండిన పొగాకులో సంవత్సరాల పాటు బతికి ఉంటుంది, అది నారుకూ, మిరపకూ అంటుకుంటుంది. గొయ్యి తీసి పూడ్చండి. మిగిలిన ఆకును నీడలో, గాలి ఆడే చోట పలుచగా పరచి ఆరబెట్టండి. ఎర్రటి ఎండలో వేస్తే పెళుసెక్కి పొడి అవుతుంది.

నిల్వకు ఆకులో తేమ 12 నుంచి 14 శాతం ఉండాలి. 18 శాతం దాటితే వానాకాలంలో బూజు తప్పదు. ఇంటి దగ్గర ఇది తెలియాలంటే నడిమి ఈనెను మొదలు దగ్గర వంచండి: టక్కున విరిగితే సరిపోయినట్లు, రబ్బరులా వంగితే ఇంకా ఆరాలి. ఆకు పైభాగం ఆరి, ఈనె పచ్చిగా ఉండగానే మండె వేయడం లంకల్లో నేను తరచుగా చూస్తున్న తప్పు. దీనికి తోడు, తూకం పెరుగుతుందని అమ్మకానికి ముందు నీళ్లు చిలకరించే పద్ధతి ఒకటి ఉంది. ఆ నీటికి వచ్చే పదో పరకో చూసుకుని, వారం తిరగకుండా మండె మొత్తాన్ని పోగొట్టుకున్నవారు ఉన్నారు.

తిరిగి పేర్చేటప్పుడు నేల మీద చెక్క బల్లలు వేసి 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా చూసి, గోడకు కనీసం 60 సెంటీమీటర్లు వదిలి, ఈనె మొదళ్లు బయటికీ, కొనలు లోపలికీ వచ్చేలా మీటరున్నర ఎత్తుకు మించకుండా పేర్చండి. పాలిథిన్ పట్టా తీసేయండి. దాని లోపలివైపు రాత్రి చెమ్మ పట్టి ఆకు మీదకే కారుతుంది. తాటాకు చాపలు కప్పితే చాలు. గోడలకు సున్నం వేయించండి. కొట్టులో తేమను కొలిచే చిన్న పరికరం ఒకటి వేలాడదీయండి, గాలిలో తేమ 60 నుంచి 65 శాతం మధ్య ఉండటం మంచిది. 70 శాతం దాటి నాలుగైదు రోజులు నిలిస్తే మండె విప్పి చూడక తప్పదు. పొడిగా ఉన్న రోజుల్లో ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకు తలుపులు తెరవండి, ముసురు పట్టినప్పుడూ, రాత్రిపూటా మూసి ఉంచండి. మాగడం పూర్తయిన మండె మళ్లీ వేడెక్కకూడదు: మధ్యలోకి ఇనుప చువ్వ గుచ్చి పది నిమిషాల తరువాత తీసి పట్టుకుంటే చేతికి వేడి తగిలితే, ఆ రోజే విప్పండి.

వ్యాపారితో ధర మాట్లాడే ముందు ఆకును రెండుగా వేరు చేసి, తెల్లని పొడి ఉన్న మంచి ఆకు మీద అతని ఎదురుగానే నీటి చుక్క పరీక్ష చేసి చూపండి. అప్పటికీ ఒప్పుకోకపోతే, ఆ ఆకు నమూనాను రాజమహేంద్రవరంలోని జాతీయ వాణిజ్య వ్యవసాయ పరిశోధన సంస్థలో (పూర్వపు కేంద్రీయ పొగాకు పరిశోధన సంస్థ) చూపించండి. మీరు ఎకరానికి ఎంత యూరియా, ఎప్పుడు వేశారో ఉత్తరంలో రాయలేదు. ఆలస్యంగా వేసిన నత్రజని ఈనెల్లో నైట్రేటుగా మిగిలి ఈ తెల్లని పొడిని పెంచుతుంది. వచ్చే పంటకు భూసార పరీక్ష చేయించి ఎరువులు నిర్ణయించుకోండి, పొటాష్ కోసం మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ కాకుండా సల్ఫేట్ ఆఫ్ పొటాష్ మాత్రమే వాడండి. మ్యూరియేట్‌లోని క్లోరైడు ఆకులో చేరితే ఆకు సరిగా కాలదు, పైగా గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి నిల్వలో బూజుకు ముందుగా లొంగేది అటువంటి ఆకే.