మొదటి వేసవి కచేరీలు ముగించుకుని ఇంటికొస్తున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఉగాదికి వయొలిన్ పెట్టె భుజాన వేసుకుని బయల్దేరినవాడివి, వైశాఖ పౌర్ణమికి తిరుపతిలో అన్నమయ్య జయంతి కచేరీతో ఈ వేసవి ముగిస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బెజవాడ, రాజమండ్రి, విశాఖ పందిళ్లు, హైదరాబాదులో సభలు, మధ్యలో బెంగళూరు ఫోర్ట్ హైస్కూల్ మైదానం. అక్కడి రామసేవా మండలి వాళ్లు 1939 నుంచి రామనవమికి కచేరీలు పెడుతున్నారు. మన దక్షిణాది సంగీతంలో పెద్దవాళ్లు ఎందరో ఆ వేదిక మీద కూర్చున్నారు. గాయని అమ్మగారి వెంట పక్కవాద్యం వాయించడానికి బయటికి వెళ్లిన తొలి ఏడాదే నువ్వూ అక్కడ కూర్చున్నావంటే, చెప్పొద్దూ, నాకు కళ్లు చెమర్చాయి.

బయల్దేరేవాడికి చెప్పాల్సిన జాగ్రత్తలన్నీ మీ గురువుగారు చెప్పే ఉంటారు. అయిపోయాక ఏం చెయ్యాలో మాత్రం మనవాళ్లలో ఎవరూ పెద్దగా చెప్పరు. నా ఉద్దేశంలో కుర్ర వయొలినిస్టుకి టూరు చేసే మేలు సగమూ, చేసే చెరుపు దాదాపు అంతా, ఇంటికొచ్చిన తర్వాతి నెల రోజుల్లోనే స్థిరపడతాయి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ముందు నిద్ర. ఇంటికి చేరాక మూడు నాలుగు రోజులు వయొలిన్ ముట్టుకోకు. ఒక్క పూట సాధకం మానినా చెయ్యి పోతుందనే పెద్దలు మన ఇంట్లోనే ఉన్నారు. వాళ్లకి ఎదురు చెప్పకు, కానీ నా మాట విను. రాత్రి పొద్దుపోయాక మంగళం, ఆ తర్వాత భోజనం, తెల్లవారుజామున రైలు, మళ్లీ సాయంత్రం కచేరీ. బాసింపట్టు వేసుకుని, కుడి పాదం మీద వయొలిన్ తల ఆనించి గంటల తరబడి కూర్చున్నావు. మెడ, ఎడమ భుజం, నడుము బాగా అలిసిపోయి ఉంటాయి. నొప్పి వారం దాటినా తగ్గకపోయినా, చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కుతున్నా బామ్ రాసుకుని సరిపెట్టుకోవద్దు. మోచేతి దగ్గర నరం ఒత్తుకుంటే అలా తిమ్మిరి వస్తుంది. డాక్టరుకి చూపించు. ఎడమ చెయ్యి మనకి జీవితాంతం కావాలి.

రెండో రోజో మూడో రోజో మనసు దిగులుగా ఉంటుంది. మొన్నటిదాకా రోజూ చప్పట్లు, కొత్త ఊళ్లు, వేదిక దిగగానే చేతికి పానకం గ్లాసు అందించే మనుషులు. ఇప్పుడు ఇంట్లో ఫ్యాన్ చప్పుడు. కచేరీలు చేసే ప్రతి ఒక్కరికీ ఇది వస్తుంది, కొన్నాళ్లకి పోతుంది. అది పోగొట్టుకోవడానికి వెంటనే ఇంకో కచేరీ ఒప్పుకోకు. ఈ జ్యేష్ఠమాసం నీకు దొరికిన ఖాళీ, దాన్ని అమ్ముకోకు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నువ్వు పంపిన రెండు మూడు వీడియోలు చూశాను. నీ కమాను, అదే తీగల మీద లాగే పుల్ల, పలచబడింది; అంటే తీగ మీద దాని బరువు తగ్గింది.

దిగులు పడకు, దీనికి కారణం ఉంది. పందిళ్లలో పికప్, అదే వయొలిన్‌కి తగిలించే చిన్న మైకు, పెట్టుకుని వాయించావు కదా. పికప్ ఉంటే కమాను ఎంత తేలిగ్గా ఆనించినా పందిరి చివర బఠాణీలు అమ్మేవాడిదాకా వినపడుతుంది. కాస్త బరువు వేసి లాగితే స్పీకర్లో కీచుమంటుంది, మానిటర్ కూత పెడుతుంది, మైకు అబ్బాయి నీ వాల్యూమ్ తగ్గించేస్తాడు. రెండు కచేరీలు ఇలా జరిగేసరికి చెయ్యి తనంతట తనే బరువు తీసేసుకుంటుంది. ఆ తర్వాత కమాను మధ్యలో జానెడు మేర మాత్రమే వాడే అలవాటు వస్తుంది. నీకు తేడా తెలియదు, ఎందుకంటే స్పీకర్లోంచి వచ్చే నాదం నిండుగానే ఉంటుంది. ఆ నిండుతనం ఆంప్లిఫయర్‌ది. నీది ఎంతో తెలుసుకోవాలంటే పికప్ తీసేసి, గది తలుపులు వేసుకుని, ఫ్యాన్ ఆపి వాయించు. మొదటిరోజు విని నీకే కష్టంగా ఉంటుంది.

మళ్లీ కూడగట్టుకోవడానికి దగ్గరి దారి లేదు, కానీ దారి తిన్నగా ఉంది. మంద్ర షడ్జం (కింది స్థాయి 'స') మీద కమాను మొదలు నుంచి కొసదాకా, కొస నుంచి మొదలుదాకా, నీకు ఓపిక ఉన్నంత మెల్లగా లాగు. కొస దగ్గరకి వచ్చేసరికి నాదం సన్నబడకూడదు, తిప్పేచోట అతుకు వినపడకూడదు. ఇది రోజూ ఉదయం, ఇంకేదీ వాయించకముందు. తర్వాత మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు, అదే చిన్నప్పటి మొదటి పాఠాలు, ఒకటో కాలంలో, అంటే అన్నిటికంటే మెల్లగా. బెంగళూరు వేదిక ఎక్కివచ్చినవాడికి సరళీ వరసలేమిటి అనుకోకు. వరసలు నీకు వచ్చు, అందుకే అవి వాయించమంటున్నాను. ఏం వాయించాలన్న ఆలోచన లేనప్పుడే కమాను ఎలా కదులుతోందో వినగలవు.

సాయంత్రం పూట వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డులు పెట్టుకుని విను. ఆ గరగర శబ్దాల వెనక నుంచి కూడా ఆయన కమాను బరువు తెలుస్తుంది. ఆయన 1919లో విజయనగరం సంగీత కళాశాలలో అధ్యాపకుడిగా చేరేనాటికి మన ఊళ్ల పందిళ్లలో మైకు ఎక్కడిది? ఆ తరం వాయిద్యగాళ్లందరూ జనానికి వినిపించింది చేతి బలంతోనే.

కమాను తర్వాత వేగం. వేసవి పందిళ్లలో జనం అటూ ఇటూ తిరుగుతుంటారు, పిల్లలు ఏడుస్తుంటారు, పక్కవీధిలో ఊరేగింపు బాజాలు. అక్కడ వేగంగా వాయిస్తేనే తలలు మనవైపు తిరుగుతాయి కాబట్టి గమకాలు (స్వరాల ఊపులు) పొట్టివవుతాయి. నీ వీడియోల్లో భైరవి రాగం విన్నాను. ఎక్కేటప్పటి చతుశ్రుతి ధైవతం (పై 'ద'), దిగేటప్పటి శుద్ధ ధైవతం (కింది 'ద') రెండూ ఒకదాంట్లోకి ఒకటి జారిపోతున్నాయి. ఇంకొన్నాళ్లు అలాగే వదిలేస్తే ఆ భైరవే నీ భైరవి అయిపోతుంది. ఆ రాగంలోని అట తాళ వర్ణం తీసి, ముందు నోటితో పాడు, తర్వాత ఒకటో కాలంలోనే వాయించు. రెండో కాలం ఈ నెల వద్దు. తోడి రాగంలో గాంధారానికీ ఇదే మందు.

కచేరీల రికార్డింగులు నీ ఫోన్లో ఉండే ఉంటాయి. రాగానే వినొద్దు, రెండు వారాలు పోనీ. చెవుల్లో చప్పట్లు ఉన్నంతకాలం ఎవరూ తమ వాయింపును సరిగ్గా వినలేరు. విన్నప్పుడు కూడా ముందు నీ వంతులు దాటేసి, అమ్మగారు పాడిన భాగాలే విను. ఆవిడ ఆలాపనలో పంచమం మీద నిలబడి ఊపిరి తీసుకున్నప్పుడు నువ్వు పంచమం పట్టుకుని నిలిచావా, ఆ ఖాళీలో నాలుగు బిర్కాలు (గబగబా దొర్లే స్వరాలు) జొప్పించావా? నెరవులో, అంటే ఒకే పాదాన్ని రకరకాలుగా పాడేటప్పుడు, ఆవిడ వదిలిన చోటే అందుకున్నావా, నీకు ముందే తెలిసిన చోటుకి లాక్కెళ్లావా? కృతిలో ఆవిడ పాడని సంగతి (పాదానికి ఇంకో మలుపు) నీ పాఠాంతరంలో, అంటే నువ్వు నేర్చుకున్న తీరులో, ఉంది కదా అని వాయించేశావా? స్వరకల్పనలో ఆవిడ ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) పాడితే నీ జవాబు రెండు ఆవర్తనాలకి పాకిందా? ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకో. కృతి, రాగం, తాళం, ఎడుపు (తాళంలో పాట ఎత్తుకునే చోటు), ఆవిడ పాఠాంతరంలో తేడా, నువ్వు తడబడ్డ చోటు. వచ్చే ఏడాది ఆవిడ మళ్లీ నిన్ను పిలిస్తే ఆ పుస్తకం చూసుకుని వెళ్తావు. ఇంకొకరు పిలిచినా, ఏ తాళంలో నీకు కాళ్లు తడబడతాయో నీకు తెలిసి ఉంటుంది.

నీ ఆలాపన ముక్కలు కత్తిరించి రీల్స్ పెట్టాలని నీ స్నేహితులు తొందర పెడుతున్నారట. పెట్టుకో, కాలం అలా ఉంది. కాకపోతే అమ్మగారిని అడిగి పెట్టు. ఆవిడ పాడింది ముందు కాస్త ఉంచి, తర్వాత నీది ఉంచు. ఆవిడ వేసిన రాగచ్ఛాయలోంచే నీ ఆలాపన పుట్టింది కాబట్టి అది లేకుండా వినిపిస్తే నీదే సగం పోతుంది. సోలో కచేరీ ఎప్పుడు అని అడిగేవాళ్లకి జవాబు చెప్పాల్సిన పని లేదు. ద్వారం వారు మొదటి సోలో కచేరీ 1938లో వేలూరులో చేశారని చెబుతారు. అప్పటికి ఆయనకి నలభై దాటాయి.

వచ్చిన వారంలో ఫోన్లు చెయ్యి. మెసేజ్ కాదు, ఫోన్. అమ్మగారికి, మృదంగం వాయించిన పెద్దాయనకి, తంబూర వేసిన అమ్మాయికి కూడా. ఏ ఊళ్లో ఎవరింట్లో బస చేశావో ఆ ఇంటి ఇల్లాలికి తప్పకుండా. అర్ధరాత్రి నీకు వేడన్నం వడ్డించిన మనిషి పేరు కరపత్రంలో ఉండదు.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. అమ్మగారి వెంట వెళ్లి పరిచయమైన నిర్వాహకులకి నీ అంతట నువ్వు ఫోన్ చేసి అవకాశం అడగొద్దు. వాళ్లే పిలిచి వేరే గాయకుడికి వాయించమంటే నిక్షేపంగా వెళ్లు, కానీ ఒప్పుకున్న రోజే ఆవిడకి ఆ మాట నీ నోటితో చెప్పు. ఇంకెవరి ద్వారానో తెలిస్తే ఆవిడ ఏమీ అనదు, మళ్లీ పిలవదు. అలాగే ఆవిడ గ్రీన్‌రూమ్‌లో అన్న మాటలు, గొంతు బాగాలేని రోజు సంగతి, ఎవరితో ఎంతకి ఒప్పుకుంది, ఇవేవీ మన ఇంట్లో కూడా మాట్లాడకు. మీ అమ్మ అడుగుతుంది. నవ్వి ఊరుకో.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఎక్కడ ఎంత ఇచ్చారో, దారి ఖర్చు ఎంతయిందో మరిచిపోకముందే రాసుకో. కొన్ని సంస్థలు టీడీఎస్ అని పన్ను ముందే పట్టుకుని ఇస్తాయి. నీ పాన్ మీద ఎంత పట్టుకున్నారో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లో కనపడుతుంది, రిటర్ను వేస్తే నీకు రావాల్సింది వెనక్కి వస్తుంది. మిగిలినదాంట్లో మొదటి ఖర్చు వయొలిన్ మీదే పెట్టు.

ఎందుకంటే ఈ వేసవి నీకంటే దాన్ని ఎక్కువ బాధపెట్టింది. ఏసీ బోగీలోంచి నలభై డిగ్రీల ప్లాట్‌ఫారం మీదకి, ఎండలో నిలబెట్టిన కారులోంచి పందిట్లోకి. అంచుల దగ్గర అతుకులు విడి ఉండొచ్చు. వేలి కణుపుతో చుట్టూ మెల్లగా తట్టి చూడు, ఎక్కడైనా బోలుగానో చిరచిరమనో మోగితే అక్కడ విడిందన్నమాట. ఫెవికాల్ మాత్రం పెట్టకు, పెట్టనివ్వకు. వయొలిన్ అతుకులకి వేడికి కరిగే పాతకాలపు బంకే వాడతారు. అవసరమైనప్పుడు చెక్క చీలకుండా అతుకు విడివడాలనే అది వాడతారు. తెలిసిన రిపేరుదారు దగ్గరికి తీసుకెళ్లు. కమానుకి వెంట్రుకలు మార్పించు, చెమటా రోజినూ కలిసి గట్టిపడి ఉంటాయి. తీగలు కొత్తవి వేసేటప్పుడు నాలుగూ ఒక్కసారి విప్పకు, లోపల నిలబెట్టిన చిన్న కర్ర, సౌండ్‌పోస్ట్, పడిపోతుంది. ఒకటి మార్చి శ్రుతి చేశాక ఇంకొకటి. వేళ్లకి రాసుకున్న కొబ్బరినూనె పలక మీద పేరుకుని ఉంటుంది, పొడి గుడ్డతో తుడువు. వానలు మొదలయ్యాక శ్రుతి తిప్పే బిరడాలు బిగుసుకుపోతాయి, బలవంతంగా తిప్పకు.

ఇక మీ నాన్నగారు అడిగే ప్రశ్న. ఉద్యోగమా, సంగీతమా? ఆయన అడగడం తప్పు కాదు, కాని ఈ నెలలో జవాబు చెప్పకు. టూరు నుంచి వచ్చినవాడికి అంతా సంగీతమే కనపడుతుంది. దిగులు కమ్మిన వారంలో ఏదైనా ఉద్యోగం చాలనిపిస్తుంది. రెండూ నమ్మదగ్గవి కావు. ఆశ్వయుజం వరకు గడువు అడుగు. నేనూ బావగారితో మాట్లాడతాను.

ఆకాశవాణి కళాకారులకి ఇచ్చే బి-హై గ్రేడుకి దరఖాస్తు పెడతానన్నావు, మంచిదే. ఆ స్టూడియోలో ఎన్నో ఏళ్లు కూర్చున్నవాణ్ణి కాబట్టి ఒక్క మాట. అక్కడ చప్పట్లుండవు, పికప్ ఉండదు. ఎదురుగా పెట్టిన మైకు నీ కమాను తిప్పిన ప్రతిచోటునూ పట్టుకుంటుంది. ఆ మంద్ర షడ్జం నువ్వు కోరినట్టు పలికిన తర్వాతే ఫారం నింపు.

జ్యేష్ఠం సగమయ్యాక ఒక నాలుగు రోజులు బెజవాడ వచ్చి మా ఇంట్లో ఉండు. పికప్ తేవద్దు. రెండు వయొలిన్లతో భైరవి వర్ణం కూర్చుని వాయిద్దాం, ఎక్కడ జారుతోందో చూద్దాం. నోటుబుక్కు కూడా తీసుకురా, అమ్మగారి పాఠాంతరాలు నాకూ వినాలని ఉంది. మీ అత్తయ్య మాగాయ కలిపింది, నీకో సీసా పక్కన పెట్టింది. పెళ్లిళ్ల రద్దీ ఇంకా ఉంది, టికెట్ ఇప్పుడే తీసుకో.

ఆశీస్సులతో,
మావయ్య