కారు కప్పు కోసే ముందు తలుపు సందు కొలిచి చూడు

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది, కారు ఫొటోలు చూశాను. అంత పాత బండిని అంత శుభ్రంగా ఉంచుకున్నందుకు చాలా సంతోషం వేసింది. దాని కప్పు కోసి, కావలసినప్పుడు విప్పి పక్కన పెట్టుకునే రెండు పలకలు బిగించాలని ఉందని రాశావు. వద్దని చెప్పను. నీ వయసులో నేనూ ఆ పని చేశాను. కానీ రేకు కోసే గ్రైండర్ చేతిలోకి తీసుకోకముందు ఈ ఉత్తరం నిదానంగా చదువు.

కప్పు ఉన్నది ఎండా వానా ఆపడానికే అనుకుంటాం. ముందు అద్దం స్తంభాలను వెనక స్తంభాలతో కలిపి, బండి మెలి తిరగకుండా పట్టుకునే పని కూడా దానిదే. అట్టపెట్టె మూత కోసేస్తే పెట్టె ఎలా ఊగిసలాడుతుందో నీకు తెలుసు కదా. పైగా నీది హార్డ్‌టాప్. తలుపు అద్దానికీ వెనక అద్దానికీ మధ్య స్తంభం లేదు, అంటే ఒక ఆధారం మొదటి నుంచే తక్కువ. 1968 షెవ్రొలే కార్వెట్ అనే అమెరికన్ స్పోర్ట్స్ కారు తయారు చేసేటప్పుడు కప్పు మొత్తం ఒకే పలకగా తీసేయాలని మొదట అనుకున్నారు. బాడీ మెలి తిరుగుతుండటంతో నడిమధ్య పట్టీ ఉంచి, అటొకటి ఇటొకటి పలకలు పెట్టారు. ఆ కార్వెట్‌కు కింద విడి ఛాసీ ఉంది. దానికే అలా అయితే, ఛాసీ విడిగా లేకుండా బాడీయే బరువంతా మోసే బండికి ఎంత జాగ్రత్త కావాలో ఆలోచించు. నీ బండి ఏ రకమో ముందు తేల్చుకో. ఏ రకమైనా మధ్య పట్టీని మాత్రం వదులుకోకు.

నా మొదటి బండిని స్టాండ్ల మీదికెత్తి, ఒక్క సాయంత్రంలో కోసేశాను. స్టాండ్లు సమంగా లేవు. బాడీ ఆ వంకరలో ఉండగానే అంచులు వెల్డింగ్ చేశాను. కిందికి దించాక డ్రైవర్ వైపు తలుపు గొళ్లెంలో పడలేదు. దాన్ని సరిచేయడానికి నెలలు పట్టింది, అయినా పూర్తిగా కుదరలేదు. ఆ బాధ నీకు వద్దు.

అందుకే బండిని చదునైన నేల మీద, బరువు చక్రాల మీదే ఉండేలా నిలబెట్టు. రెండు తలుపుల సందులనూ పైన, మధ్యలో, కింద కొలిచి రాసుకో. తలుపు తీసి, ఆ ఖాళీని మూల నుంచి మూలకు అడ్డంగా కూడా కొలువు. తలుపుల కింద ఉండే ఇనుప పెట్టెల్లాంటి భాగాలను స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడు. తుప్పు ఉంటే ముందు దాని పని, కప్పు సంగతి తర్వాత. ఆ భాగాలకూ, ముందు అద్దం పైపట్టీకీ, సీట్ల వెనక అడ్డంగానూ శాశ్వతమైన బలం చేకూర్చు. కోసేటప్పుడు కదలకుండా లోపల చదరపు గొట్టాలతో తాత్కాలికంగా కట్టు. ఆ గొట్టాలు ఉండగానే తలుపులు తెరిచి మూయగలిగేలా చూసుకో. లేకపోతే ఎప్పుడు వంగిందో నీకు తెలియదు.

పలకలు సొంతంగా తయారు చేయాలనుకోకు. కంపెనీ నుంచే అలాంటి కప్పుతో వచ్చిన అదే మోడల్ పాడుబడిన బండి దొరికితే, స్తంభాల దాకా కప్పు మొత్తం తెచ్చుకో. అంచులు, గొళ్లేలు, రబ్బర్లు, అద్దాలు అన్నీ ఒకదానికొకటి కుదిరినవే వస్తాయి. కానీ పేరు ఒకటే కదా అని కొనకు. పోంటియాక్ ఫైర్‌బర్డ్ అనే కారుకు 1976లో మొదలైన హర్స్ట్ తయారీ పలకలు, 1978లో వచ్చిన ఫిషర్ తయారీ పలకలు ఒకదాని చోట మరొకటి పట్టవు. కొత్త రబ్బర్లు దొరుకుతాయో లేదో తెలుసుకున్నాకే డబ్బు పెట్టు.

కోత కంటే ముందు బ్యాటరీ తీసెయ్యి, సీట్లు, అద్దాలు, లోపలి గుడ్డ కప్పు విప్పెయ్యి. గ్రైండర్ నిప్పురవ్వలు అద్దంలో దిగబడితే ఇక పోవు. వెల్డింగ్ ఒకే గీతలా లాగకు. కొంచెం ఇక్కడ, కొంచెం అక్కడ వేస్తూ చల్లారనివ్వు, పల్చటి రేకు వేడికి వంకర పోతుంది.

ఇక నీళ్ల సంగతి. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. రబ్బరు నీళ్లన్నిటినీ ఆపేస్తుందని నమ్ముకోకు. కొంత ఎప్పుడూ లోపలికి వస్తుంది, దాని కోసమే రబ్బరు కింద కాలువ, ఆ కాలువ నుంచి స్తంభాల లోపలగా నేల దాకా గొట్టం ఉండాలి. కాలువలో ఒక గ్లాసు నీళ్లు పోసి, కింద ధారగా పడుతున్నాయో లేదో చూడు. రబ్బరుకు సుద్ద రాసి పలక మూసి తీస్తే, అంటని చోటు తెలిసిపోతుంది. తలుపు అద్దం పై అంచు కూడా ఆ రబ్బరుకే ఆనాలి కాబట్టి దాని ఎత్తు మళ్లీ సరిచేసుకోవాలి. అన్నీ కుదిరాక, గుడ్డ కప్పు వేయకముందే, ఒకరు టార్చితో లోపల కూర్చోండి, మరొకరు పైపుతో నీళ్లు మెల్లగా, కింది నుంచి పైకి పట్టండి. తడి కనిపించిన ప్రతి చోటా ఆగి సరిచేయండి. తొందరపడితే నేల రేకు లోలోపల తుప్పు పడుతుంది.

రంగు వెంటనే వేయించకు. రంగుకు ముందు పూసే ప్రైమర్ మీదే కొన్ని వారాలు నడుపు. స్తంభాల మొదళ్లలో పగుళ్లు వస్తే అప్పుడే తెలుస్తాయి. వేగంలో గాలి పలకను పైకి లాగుతుంది కాబట్టి గొళ్లెం సగం పడిన పలకతో బండి కదిలించకు. విప్పిన పలకలకు డిక్కీలో మెత్తటి సంచి, కట్టు పట్టీ పెట్టు.

కోసిన కప్పు మళ్లీ మామూలు కాదు. నీ బండి అరుదైనదైతే దాని విలువ కూడా తగ్గుతుంది. రిజిస్ట్రేషన్ వాళ్లనూ బీమా వాళ్లనూ ముందే అడుగు.

ఈ ఆదివారం తలుపుల సందుల కొలతలు రాసి పంపు. తలుపుల కింద గుచ్చినప్పుడు ఏం కనిపించిందో కూడా రాయి. అవి చూశాకే కోతకు రోజు పెట్టుకుందాం, ఆ రోజు నేను అక్కడ ఉంటాను.

ప్రేమతో,
మీ మావయ్య