డెబ్బైకి అటూ ఇటూ ఉన్న అమ్మానాన్నల్ని టూరుకి పంపే ముందు, పెట్టె ఎన్నిసార్లు సర్దాలో లెక్కపెట్టండి

ప్రశ్న: నాన్నగారికి 72, అమ్మకి 67. విశాఖలో ఇద్దరే ఉంటారు, నేను బెంగళూరులో ఉద్యోగం. ఈసారి వాళ్ళ పెళ్ళిరోజుకి ముందు చెప్పకుండా కాశీ, ప్రయాగ, అయోధ్య, గయ, నైమిశారణ్యం కలిపి పన్నెండు రోజుల ప్యాకేజీ బుక్ చేద్దామనుకుంటున్నాను. నాన్నకి షుగర్ ఉంది, అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఈ వయసులో పంపొచ్చా?

జవాబు:

నీకు మా అమ్మాయి వయసే ఉంటుంది, అందుకని నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు. పంపొచ్చు. ఆ ప్యాకేజీలో మాత్రం పంపకు. చెప్పకుండా అసలే పంపకు.

నాకు 69, మా వారికి 74. మేమూ విశాఖలోనే, గోపాలపట్నం వైపు. ఆయన పోర్టులో చేసి రిటైరయ్యారు, నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. నాలుగేళ్ళ క్రితం మా అబ్బాయి కూడా సరిగ్గా నీలాగే, సంక్రాంతికి వచ్చి మా చేతిలో ఒక కవరు పెట్టాడు. పదకొండు రోజులు, ఏడు ఊళ్ళు. "అన్నీ వాళ్ళే చూసుకుంటారమ్మా, మీరు బస్సెక్కి కూర్చుంటే చాలు" అన్నాడు. అన్నట్టే బస్సెక్కి కూర్చోవడంతోనే సరిపోయింది.

కాశీ నుంచి గయ 250 కిలోమీటర్లు. మ్యాపులో చూస్తే జానెడు కూడా ఉండదు. "పొద్దున్న నాలుగింటికల్లా లగేజీ గది బయట పెట్టేయండి" అని రాత్రి పదింటికి వచ్చి చెప్పేవాడు ఆ టూరు కుర్రాడు. నాలుగంటే మేం రెండున్నరకి లేవాలి. ఈ వయసులో కాలకృత్యాలకి మన తొందరతో పని లేదు తల్లీ, వాటి టైము వాటిదే. ఇక బస్సు డ్రైవరుకి నచ్చిన ధాబా దగ్గరే ఆగుతుంది. మగవాళ్ళకి రోడ్డు పక్కనైనా గడిచిపోతుంది. ఆడవాళ్ళం ఏం చేస్తాం? నీళ్ళు తాగడం మానేస్తాం. నేనూ అదే చేశాను. ఆరో రోజుకి మంట, చలి జ్వరం. అయోధ్యలో రాముణ్ణి చూడాల్సిన పూట లాడ్జిలో దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

అంతకంటే నన్ను భయపెట్టింది ఇంకొకటి ఉంది. ఆ ఏడు ఊళ్ళకీ ఆరు లాడ్జీలు మారాం. మొదటి దాంట్లో బాత్రూం మంచానికి ఎడమ పక్కన. రెండు రాత్రులకే ఆయన కాళ్ళకి ఆ దారి అలవాటైపోయింది. మూడో రాత్రి ఊరు మారింది, గది మారింది. అర్ధరాత్రి ఆయన లేచి, లైటు వేస్తే నాకు మెలకువ వస్తుందని చీకట్లోనే ఎడమకి నాలుగడుగులు వేశారు. ధన్‌మని చప్పుడైతే లేచి స్విచ్ వెతుక్కుని లైటు వేశాను. నుదుటి మీద రేగుపండంత బొప్పి, రెండు చేతులూ గోడకి ఆనించి నిలబడి ఉన్నారు. "ఇక్కడే కదే ఉండాలి" అంటున్నారు. ఆ రాత్రి తర్వాత దిండు కింద టార్చిలైటు లేకుండా మేం ఎక్కడా పడుకోలేదు.

ఇంటికొచ్చాక ఒక లెక్క వేశాను. ఇంట్లో ఒకసారి, ఆరు లాడ్జీల్లో ఆరుసార్లు, వెరసి పెట్టె ఏడుసార్లు సర్దాను. అప్పట్నుంచి ఎవరు ఏ టూరు గురించి చెప్పినా ఊళ్ళు ఎన్ని అని నేను అడగను. పెట్టె ఎన్నిసార్లు సర్దాలి అని అడుగుతాను. వారానికి రెండు దాటితే మాకు కుదరదు. నువ్వు చెప్పిన ప్యాకేజీకి ఈ లెక్క వేసి చూడు, ఐదుకి తగ్గదు.

అలాగని ఆ టూరంతా ఏడుపేనని కాదు. గయలో ఇష్టమైన కాయ, పండు వదిలేయాలి కదా, మా వారు సంకల్పంలో కూర్చుని కాకరకాయ అన్నారు. షుగరున్న మనిషి! పంతులుగారు తెలుగాయనే, "ఇష్టమైంది వదలాలండీ, కష్టమైంది కాదు" అన్నారు. బస్సంతా రెండు రోజులు నవ్వుకుంది.

రెండేళ్ళాగి మళ్ళీ వెళ్ళాం, ఈసారి కాశీ ఒక్కటే. శివరాత్రి జనం తగ్గాక వెళ్ళి తొమ్మిది రాత్రులు ఉన్నాం. కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలని మన పెద్దవాళ్ళంటారు, తల్లి కడుపులో ఉన్న తొమ్మిది నెలలకి అది లెక్క అట. పుణ్యం సంగతి విశ్వనాథుడికే తెలియాలి. నడుముకి మాత్రం ఆ పద్ధతి బాగా సరిపోయింది. ప్యాకేజీలవాళ్ళు కాశీకి ఇచ్చేది ఒకటిన్నర రోజు, అందులో సగం క్యూలో పోతుంది.

పాండే హవేలీ, మానసరోవర ఘాట్ వైపు వెళ్తే అడుగడుగునా తెలుగు వినిపిస్తుంది. ఆంధ్రాశ్రమం అక్కడే ఉంది, ఇంకా సత్రాలున్నాయి. గది కావాలంటే చాలా ముందుగా మాట్లాడి పెట్టుకోవాలి. అడిగేటప్పుడు రెండు ప్రశ్నలూ విడివిడిగా అడుగు: కింది అంతస్తేనా, ఆ గదిలోనే వెస్టర్న్ కమోడ్ ఉందా. కలిపి అడిగితే ఉందండీ అనేస్తారు. తీరా వెళ్ళాక కమోడ్ ఉన్న గది మూడో అంతస్తులో, కింద గదిలో మామూలు దొడ్డి. మోకాళ్ళ నొప్పులున్న మీ అమ్మగారికి రెంటిలో ఏదైనా శిక్షే.

మేం రోజుకి ఒక్క గుడి పెట్టుకున్నాం. మధ్యాహ్నం భోంచేసి పడుకునేవాళ్ళం, చల్లబడ్డాక ఘాట్‌కి. కేదార ఘాట్ మెట్లు నిటారుగా ఉంటాయి. గంగ స్నానానికి ఒక్కరోజు దిగాను, పక్కకి తిరిగి ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టుకుంటూ. మిగతా రోజులు పైనే కూర్చున్నాను. పైన కూర్చున్నా కనిపించేది ఆ గంగే. దశాశ్వమేధ ఘాట్ హారతి ఒక్కసారి చూస్తే చాలు, ఆ జనంలో రోజూ తోసుకోనక్కర్లేదు.

మా వారికి సందు మొదట్లో టీ కొట్టు దొరికింది. అక్కడ టీ అంటే పాలూ చక్కెరా కలిపి మరిగించిందే. మొదటి మూడు రోజులు చక్కెర వద్దని చేతులూపి చెప్పేవారు. నాలుగో రోజు ఈయన సందు మలుపు తిరగడం చూసి ఆ కొట్టతనే వేరే గిన్నె పొయ్యి మీద పెట్టాడు. ఈయనకి హిందీ రాదు, అతనికి తెలుగు రాదు. మట్టి పిడత చేతిలో పట్టుకుని అరగంట మాట్లాడుకునేవారు, ఏం మాట్లాడుకునేవారో నాకు ఇప్పటికీ తెలీదు. తిరిగొచ్చాక ఆయన అందరికీ చెప్పేది ఈ టీ కొట్టు గురించే. ఏడు ఊళ్ళు చూసొచ్చినప్పుడు బొప్పి తప్ప చెప్పడానికి ఏమీ లేదు.

నెలల సంగతి. డిసెంబరు, జనవరి వద్దు. అక్కడ పొగమంచుకి రైళ్ళు గంటల తరబడి ఆలస్యం, ప్లాట్‌ఫారం మీద చలిలో కూర్చోలేరు. ఏప్రిల్ నుంచి ఎండ. కార్తీకం బాగుంటుంది గానీ పౌర్ణమికి దేవ దీపావళి అని కాశీ కిక్కిరిసిపోతుంది, ఆ వారం తప్పించు.

రైలు టికెట్ల విషయంలో పిల్లలంతా చేసే పొరపాటు ఒకటుంది. పెద్దవాళ్ళకి ఛార్జీలో రాయితీ 2020 మార్చిలోనే తీసేశారు, అంతకుముందు మగవాళ్ళకి 40 శాతం, ఆడవాళ్ళకి 50 శాతం ఉండేది. లోయర్ బెర్త్ కోటా మాత్రం ఇంకా ఉంది. మగవాళ్ళకి 60, ఆడవాళ్ళకి 45 నిండాలి, టికెట్ మీద అలాంటివాళ్ళు ఒకరో ఇద్దరో మాత్రమే ఉండాలి. నువ్వు తోడు వెళ్తున్నావనుకో, ముగ్గురికీ కలిపి ఒకే టికెట్ తీస్తే ఆ కోటా వర్తించదు. వాళ్ళిద్దరికీ కోటాలో ఒకటి, నీకు వేరే ఒకటి తియ్యి. మా అబ్బాయి మొదటిసారి అందరికీ కలిపి తీశాడు, మా వారికి పై బెర్త్ వచ్చింది. ఎదురు సీటు కుర్రాడు దేవుడిలా తనది ఇచ్చాడు. అందరూ ఇవ్వరు, ఇవ్వాలని రూలూ లేదు. 60 రోజుల ముందు ఉదయం ఎనిమిదింటికి బుకింగ్ తెరుస్తారు, ఆ పూట ఆఫీసు మీటింగు ఉన్నా సరే కూర్చో.

మందులు రెండు సంచుల్లో సగం సగం పెట్టమను, ఒక సంచి పోయినా రెండోది ఉంటుంది. మీ నాన్నగారు ఇన్సులిన్ తీసుకుంటూ ఉండి విమానంలో వెళ్తే అది చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేస్తే గడ్డకట్టి పాడయ్యే అవకాశం ఉంది. షుగర్ మాత్ర వేసుకున్నాక దర్శనం క్యూలో టిఫిన్ ఆలస్యమైతే కళ్ళు తిరగొచ్చు. జేబులో నాలుగు చాక్లెట్లు ఉంచుకోమని నీ మాటగా చెప్పు. భార్య చెబితే వినరు.

కాశీకి ముందు ఒక చిన్న ట్రయల్ వెయ్యమంటాను, మన అరకే. పొద్దున్న ఏడు లోపే కిరండూల్ రైలు బయలుదేరుతుంది, అద్దాల బోగీలో (విస్టాడోమ్) సీట్లు తియ్యి. దారి పొడుగునా సొరంగాలే. ఆ లైను అరవైల్లో వేసింది ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని మన పోర్టుకి దించి జపాన్‌కి పంపడానికి. మా వారి ఉద్యోగమంతా ఆ ఖనిజం మధ్యే గడిచింది. ఎదురుగా గూడ్సు వస్తే చాలు, లోయ వదిలేసి వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలుపెడతారు. కిటికీకి వేలు ఆనించి, పెదాలు కదుపుతూ. జలపాతం చూడండీ అని నేను మోచేత్తో పొడిస్తే "ఆగవే, తప్పిపోతుంది" అంటారు. లెక్క తప్పినా మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టలేరు కదా, ఆ పూటంతా నా మీద చిరాకు.

అదేరోజు తిరిగి రాకుండా అరకులో ఒక రాత్రి ఉండాలి. బొర్రా గుహలు మాత్రం మీ అమ్మగారికి వద్దు. దిగడం ఎలాగో దిగినా, లోపల మెట్లు చాలానే, తడికి జారుతుంటాయి, మళ్ళీ అన్నీ ఎక్కాలి. నేను పైన జామకాయలు తింటూ కూర్చున్నాను, ఏం పోయింది? ఈ ఒక్క రాత్రికి కొత్త మంచం మీద వాళ్ళెలా పడుకున్నారో, మర్నాడు ఎంత అలిసిపోయారో చూస్తే కాశీకి ఎన్ని రోజులో నీకే తెలుస్తుంది.

ఇక చెప్పకుండా బుక్ చేయడం గురించి. ఫోన్ స్పీకర్లో పెట్టి ఇద్దర్నీ ఒకేసారి అడిగితే మీ నాన్న "మాకెందుకమ్మా ఖర్చు" అంటారు, మీ అమ్మ "మీ నాన్న ఎలా అంటే అలా" అంటుంది. రెండూ జవాబులు కావు. విడివిడిగా అడుగు. మా అబ్బాయి ఆ బస్సు టూరు తర్వాత బుద్ధొచ్చి మా వారిని ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే ఆయన చెప్పింది ఏమిటో తెలుసా? శ్రీముఖలింగం, మన శ్రీకాకుళం వైపు శివుడి గుడి. చిన్నప్పుడు వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని వంశధార దాటి వెళ్ళారట. నలభై ఆరేళ్ళ కాపురంలో నాకూ ఆ మాట చెప్పలేదు.

కారులో వెళ్ళాం. అరసవల్లి, శ్రీకూర్మం, ముఖలింగం మూడూ ఒక్కరోజులో అయిపోతాయంటారు, అవుతాయి కూడా. మధ్యాహ్నం గుళ్ళు మూసే టైముతో పరుగు పెట్టాలి, అంతే. మేం శ్రీకూర్మం ఇంకోసారికి ఉంచుకుని రెండే చూశాం. ముఖలింగంలో ఆయన గుడి ప్రాకారం చుట్టూ ఒక్కరే రెండుసార్లు తిరిగొచ్చారు, నేను వెంట వెళ్ళలేదు. రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఉన్నాం. పెట్టె సర్దింది సున్నా సార్లు.

నువ్వు అడగనివి రెండు. మీ నాన్నగారు కేంద్ర ప్రభుత్వ పెన్షనరైతే నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ప్రయాణం ఆ నెల్లో పడితే బ్యాంకు గురించి ఆయనకి ఒకటే టెన్షన్, గంగలో మునుగుతూ కూడా అదే ఆలోచిస్తారు. ఇప్పుడు ఆ సర్టిఫికెట్ జీవన్ ప్రమాణ్ పేరుతో ఫోన్లోనే ముఖం చూపించి ఇవ్వొచ్చు, నవంబరు మొదలవగానే నువ్వు చేసిపెట్టు.

రెండోది, ఇల్లు. మీ అమ్మగారు రానంటే అది మోకాళ్ళ వల్ల కాకపోవచ్చు. పాల ప్యాకెట్లు ఎవరు ఆపుతారు, తులసికి నీళ్ళు ఎవరు పోస్తారు, తాళంచెవి ఎవరికివ్వాలి, ఇవీ ఆవిడ బెంగలు, పైకి మాత్రం చెప్పదు. నేను కాశీకి రానని ముందు మొండికేసింది ఇందుకే. మా కింది వాటా అమ్మాయి తనే వచ్చి తాళంచెవి అడిగి తీసుకుంది, అప్పుడు వెళ్ళి పెట్టె దించాను.