మాయ అనాలా, జరాయువు అనాలా?

ప్రశ్న: పశువుల చూడి, ఈత గురించి రైతుల కోసం ఒక కరపత్రం రాస్తున్నాం. ఈనాక పడేదాన్ని మా ఊళ్లలో అందరూ 'మాయ' అంటారు. పుస్తకాల్లో 'జరాయువు' అని ఉంది. మాయ అంటే భ్రమ కాబట్టి శాస్త్ర విషయంలో వాడకూడదని ఒక మిత్రుడు అన్నారు. నిజమేనా? ఇంకొకటి, మా కరపత్రంలో ఒక అనువాద వాక్యం ఇలా ఉంది: 'గర్భం యొక్క మాతృ గుర్తింపు పిండ బాహ్యస్తరముచే స్రవింపబడిన సంకేత మాంసకృత్తుచే జరుపబడును.' దీన్ని ఎలా సవరించాలి?
– ఒక పశువైద్య సహాయకుడు, పరకాల

జవాబు: మీ మిత్రుడు రెండు వేరు మాటలను ఒకటిగా చూస్తున్నారు. భ్రమ అనే అర్థం ఉన్న 'మాయ' సంస్కృతం. ఈత తర్వాత పడే 'మాయ' మన పల్లెమాట. దీనికి 'మావి' అనే రూపం కూడా ఉంది. కన్నడ పల్లెల్లో దీన్నే 'మాసు' అంటారు. మన రెండు రూపాలనూ ఆ వరసలో చూడాలి గాని వేదాంతంలో వెతకకూడదు. ధ్వని ఒకటైనంత మాత్రాన మాట ఒకటి కాదు. 'బర్రె పొద్దుగాల ఈనింది గని మాయ ఇంకా పడలే' అని రైతు అన్నప్పుడు భ్రమ అనే అర్థం ఎవరి మనసులోకీ రాదు.

'జరాయువు' తప్పు కాదు. అయితే దానికి మొదటినుంచీ ఈ అర్థమే స్థిరంగా ఉందనుకోవద్దు. అమరకోశం 'గర్భాశయో జరాయుః స్యాత్' అంటూ దాన్ని గర్భాశయానికి పర్యాయంగా చెప్పింది. 'జరాయుజం' (పొరలోంచి పుట్టేది) అన్నప్పుడు పిండాన్ని చుట్టిన పొర గుర్తొస్తుంది. ఆయుర్వేదం పిల్ల పుట్టాక పడేదాన్ని 'అపర' అంది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, పై చదువుల పుస్తకాలు తెలుగులో రావడం మొదలయ్యాక ఇలాంటి సంస్కృత పదాలు ఒక్కో అర్థానికి కుదురుకున్నాయి. ఆ పని అవసరమైనదే, మేలు చేసినదే. కానీ తరగతిగది కోసం కుదుర్చుకున్న మాటను కొట్టం దాకా మోసుకెళ్లనక్కర లేదు.

పైగా మీ విషయానికి 'మాయ' అనేదే ఎక్కువ కచ్చితం. మనిషిలో ఇది ఒకే బిళ్లలా ఉంటుంది, నెలలు నిండాక సుమారు అర కిలో తూగుతుంది. ఆవు, బర్రెల్లో అలా ఒక్కచోట ఉండదు. గర్భసంచి లోపలి గోడమీద గుండీల్లాంటి ఉబ్బులుంటాయి, ఆవులో ఇవి సుమారు 70 నుంచి 120 దాకా. పిండం పొరమీది కుచ్చులు వాటిని పట్టుకుని ఉంటాయి. ఈనాక ఆ పట్టు వదిలి, కుచ్చులతో పాటు పొరలన్నీ కిందికి వస్తాయి. మన వాడుకలో 'మాయ' అంటే ఈ మొత్తం. 'జరాయువు' అంటే చదువుకున్నవారికి బిళ్ల మాత్రమే గుర్తొస్తుంది.

దీని క్రియలు కూడా చూసుకోండి. 'మాయ పడింది', 'మాయ వేసింది' రెండూ సరే. పడకుండా ఉంటే 'మాయ నిలిచింది' అనండి. 'మాయ తీయడం' అని కరపత్రంలో ఆదేశంగా రాయకండి. చదివిన రైతు చెయ్యి పెట్టి లాగుతాడు, లేదా వేలాడే కొసకు రాయి కడతాడు. లాగితే కుచ్చులు తెగి లోపలే ఉండిపోతాయి, గుండీలు గాయపడి నెత్తురు కారుతుంది, గర్భసంచి చీము పడుతుంది. మామూలుగా మాయ 8 నుంచి 12 గంటల్లో పడుతుంది. 24 గంటలు దాటితే నిలిచినట్టే లెక్క. ఆలోగా వాసన వచ్చినా, జ్వరం వచ్చినా, మేత మానినా ఆగకుండా డాక్టర్‌ను పిలవాలని రాయండి.

ఇక మీ వాక్యం. 'మాంసకృత్తు' అనే మాట తిండి విషయంలో బాగుంటుంది. పప్పులో, గుడ్డులో ఉన్నది మాంసాన్ని కడుతుంది కాబట్టి ఆ పేరు. ఇక్కడ చెబుతున్న ప్రోటీన్ మాంసం కట్టదు, కబురు మోస్తుంది. 'ప్రోటీన్' అనే ఉంచండి. 'సంకేతం' మాత్రం మంచి ఎంపిక. 'సంజ్ఞ' అంటే సైగ, వ్యాకరణంలో పేరు. 'సంకేతం' అంటే ముందే ఇద్దరి మధ్య కుదిరిన గుర్తు, 'సంకేత స్థలం' అన్నప్పుడు ఉన్న అర్థం అదే. ఇలాంటి ప్రోటీన్ తనకు సరిపడే గ్రాహకం, అంటే ఆ కబురును అందుకునే భాగం, ఉన్న కణంమీదే పనిచేస్తుంది. గ్రాహకం లేని కణానికి ఆ కబురు అందదు.

అసలు చిక్కు 'గర్భం యొక్క మాతృ గుర్తింపు'లో ఉంది. ఈ పారిభాషిక పదాన్ని ఇంగ్లీషులో 1969లో పునరుత్పత్తి శాస్త్రవేత్త ఆర్.వి. షార్ట్ వాడుకలోకి తెచ్చారు. దాన్ని మాటకు మాట పెడితే తెలుగులో అది ఎవరు ఎవరిని గుర్తించారో తెలియని పదమైంది. 'గుర్తించు'కు బుద్ధిపూర్వకంగా చేసే కర్త కావాలి. ఇక్కడ అలా గుర్తించేవారు ఎవరూ లేరు. తెలుగులో ఇందుకు తగిన క్రియ 'తెలియు'. నాకు తెలిసింది, ఆమెకు తెలిసింది అంటాం. 'కు' విభక్తిలో ఉన్నది ఏమీ చేయదు, దానికి ఎరుక కలుగుతుందంతే. 'తల్లి ఒంటికి కడుపు తెలియడం' అంటే సరిపోతుంది.

ఆ తెలియడం ఎలా జరుగుతుందో రాసేటప్పుడు జంతువును బట్టి క్రియ మారాలి. అండం విడుదలైన చోట అండాశయంలో ఒక పసుపు ముద్ద మిగులుతుంది, అదే కార్పస్ లూటియం. అది వదిలే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్‌తోనే కడుపు నిలుస్తుంది. ఆవులో పిండం లేకపోతే 16, 17 రోజులకు గర్భసంచి ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనాన్ని విడతలుగా వదిలి ఆ ముద్దను కరిగిస్తుంది. 21 రోజులకు ఆవు తిరిగి ఎదకొస్తుంది, మనం 'పొర్లింది' అంటాం. పిండం ఉంటే, దారంలా సాగే ఆ రోజుల్లోనే దాని బయటి పొర ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రోటీన్‌ను వదులుతుంది. ప్రోస్టాగ్లాండిన్‌ను వదిలించే హార్మోన్ ఆక్సిటోసిన్; దాని గ్రాహకాలను గర్భసంచి లోపొరలో ఈ ప్రోటీన్ పెరగనీయదు. దాంతో ప్రోస్టాగ్లాండిన్ విడతలు ఆగుతాయి. అందుకే ఆవు విషయంలో క్రియ 'ఆపు'. మనిషిలో పిండం వదిలే హెచ్‌సీజీ అనే హార్మోన్ నెత్తురులో అండాశయం దాకా వెళ్లి, పసుపు ముద్దనే పట్టుకుని దాన్ని పనిచేయిస్తుంది. కాబట్టి అక్కడ 'నిలుపు'. 'నెల తప్పింది' అని మన ఇళ్లలో అనే మాటకు కారణం ఇదే, ప్రొజెస్టిరాన్ తగ్గకపోతే బహిష్టు రాదు. రెండింటికీ కలిపి 'గర్భాన్ని కాపాడే సంకేతం' అని రాస్తే ఈ తేడా కనబడదు. తేడా తెలియక కొందరు, హెచ్‌సీజీని పట్టి చూపే మనుషుల గర్భపరీక్ష పట్టీని బర్రె మూత్రంలో ముంచి చూస్తారు. బర్రెలో హెచ్‌సీజీ ఉండదు, ఆ పట్టీ చూడిని చెప్పలేదు. ఈ ఒక్క ముక్క మీ కరపత్రంలో తప్పక ఉండాలి.

'నాటుకోవడం' కూడా జాగ్రత్తగా వాడండి. మనిషి పిండం గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోతుంది, దానికి 'నాటుకోవడం' తగును. ఆవు పిండం లోపలికి చొరబడదు. సుమారు 19, 20 రోజుల నుంచి పైపొరను పట్టుకోవడం మొదలుపెడుతుంది. అక్కడ 'అంటుకోవడం' అనండి. 'నాభిరజ్జువు' బదులు 'బొడ్డుపేగు' చాలు. అది తిండి అరిగే పేగు కాదని రైతుకు వేరే చెప్పనక్కర లేదు.

మీ వాక్యాన్ని ఇలా విడదీయండి: 'కట్టించిన రెండు వారాల తర్వాత, పిండం బయటి పొర ఒక ప్రోటీన్‌ను వదులుతుంది. దాంతో తల్లి ఒంటికి కడుపు తెలుస్తుంది, ఆవు తిరిగి ఎదకు రాదు. ఎదకు రానంత మాత్రాన చూడి అని ఖాయం చేసుకోవద్దు, డాక్టర్‌తో చూపించండి.' ఇందులో 'చే', 'బడు' ఎక్కడా రాలేదు, గమనించండి.